నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ పళ్ళు: ఇంక్యుబేటర్ నుంచి ఆరేళ్ళ దవడపన్ను దాకా

మా అమ్మాయి 30వ వారంలో పుట్టింది. బరువు 1,280 గ్రాములు. ఎన్‌ఐసీయూలో, అంటే పురిటి పిల్లల ఐసీయూలో, ఐదు వారాలుంది, అందులో తొమ్మిది రోజులు నోట్లో గొట్టంతోనే. ఇంటికొచ్చాక ఒక్కో గండం దాటుకుంటూ పదకొండో నెలకి చేరాం. నోట్లో ఒక్క పన్ను లేదు. ఎదిరింటి పిల్లాడు ఏడో నెలకే రెండు పళ్ళతో బిస్కెట్ కొరికేస్తున్నాడు. మా అత్తయ్య రోజూ పొద్దున్నే చేతులు కడుక్కుని, దాని కింది చిగురు మీద వేలు రాసి చూసి, "ఇవాళా గరుకు తగల్లేదమ్మా" అనేవారు. నాకు ఒకటే టెన్షన్.

పదమూడో నెలలో కింద రెండు పళ్ళు వచ్చాయి. ఇంట్లో పండగే. ఏడాదిన్నర దాటాక ఒకరోజు స్నానం చేయించి, ఫోన్ టార్చ్ వేసి పై పెదవి ఎత్తి చూశాను. పైన ఎడమవైపు ముందుపన్ను మీద, చిగురుకి కాస్త కింద, అడ్డంగా పసుపుపచ్చ గీత ఉంది. గుడ్డతో తుడిస్తే పోలేదు. గోటితో రాస్తే చిన్న గాడిలా తగిలింది. పక్క పన్ను నున్నగానే ఉంది.

పళ్ళు ఆలస్యమైనందుకు నేను పడ్డ కంగారంతా దండగ. ఆలస్యం దానంతటదే సర్దుకుంది. ఆ గీత మాత్రం ఎనామిల్‌లో, అంటే పంటి మీది గట్టి పైపొరలో, పడిన లోటు. అది సర్దుకోదు, ఆ పన్నుని మనమే కాపాడుకోవాలి. ఆ పని ఎలాగో, ఏ వయసులో ఏం చూడాలో వరసగా రాస్తున్నాను.

1. ముందు వయసు లెక్క సరిచేసుకోండి

37 వారాలు నిండకముందు పుడితే నెలలు నిండని బిడ్డ అంటారు. మన దేశంలో ఇది అరుదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2020 ఒక్క ఏడాదిలోనే సుమారు 30 లక్షల మంది పిల్లలు ఇలా పుట్టారు.

ఈ పిల్లలకి రెండు వయసులుంటాయి. పుట్టినరోజు నుంచి లెక్కేసేది ఒకటి, డెలివరీకి డాక్టరు ఇచ్చిన తేదీ నుంచి లెక్కేసేది ఇంకోటి. రెండోదాన్నే సవరించిన వయసు అంటారు. లెక్క చాలా తేలిక: 40 లోంచి పుట్టిన వారం తీసేయండి. మా పాపకి 40 లోంచి 30 పోతే 10 వారాలు, అంటే 70 రోజులు. పదకొండో నెల నిండిన రోజున దాని సవరించిన వయసు ఎనిమిదిన్నర నెలలు దాటి కొద్ది రోజులే.

పళ్ళకి చూడాల్సింది ఈ రెండో వయసే. మామూలుగా కింది ముందుపళ్ళు 6 నుంచి 10 నెలల మధ్య, పై ముందుపళ్ళు 8 నుంచి 12 మధ్య, మొదటి దవడపళ్ళు 13 నుంచి 19 మధ్య, కోరపళ్ళు 16 నుంచి 23 మధ్య, చివరి దవడపళ్ళు 23 నుంచి 33 నెలల మధ్య వస్తాయి. మొత్తం 20 పాలపళ్ళు. నెలలు నిండని పిల్లల్లో చాలామందికి సవరించిన వయసు పెట్టి చూస్తే ఇవే గడువులు సరిపోతాయి. బాగా తక్కువ బరువుతో పుట్టి, చాలాకాలం వెంటిలేటర్ మీద ఉండి, పాలు సరిగా ఎక్కని పిల్లలకి ఇంకొంచెం ఆలస్యం కావచ్చు.

సవరించిన వయసు 18 నెలలు దాటినా ఒక్క పన్నూ రాకపోతే పిల్లల డాక్టరుకి చూపించండి. థైరాయిడ్, విటమిన్ డి, ఎముకల బలం ఒకసారి చూస్తారు. అంతకుముందు ఎవరేమన్నా నవ్వి ఊరుకోండి. పై పళ్ళు ముందొస్తే మేనమామకి గండం అంటారు కదా, మా తమ్ముడికి ఆ భయం కూడా పట్టుకుంది. పళ్ళు ఏ వరసలో వచ్చినా మేనమామలకి ఏమీ కాదు. పుట్టినరోజుకి బంగారం పెట్టాల్సిన ఖర్చు తప్ప.

2. ఆసుపత్రి కాగితాల్లో ఏం వెతకాలి

పాలపళ్ళ మొగ్గలు కడుపులో ఆరో వారానికే మొదలవుతాయి. నాలుగో నెలలో వాటికి గట్టిదనం పట్టడం మొదలవుతుంది. కాల్షియం, ఫాస్ఫరస్‌లో అధిక భాగం తల్లి నుంచి బిడ్డకి చేరేది చివరి మూడు నెలల్లో. సరిగ్గా ఆ మూడు నెలలే మన పిల్లలకి కోత పడింది. దానికితోడు ఇన్‌ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, గొట్టంతో పాలు, కామెర్లు.

ఎనామిల్ పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఏ వారంలో ఒంట్లో బాగా లేకపోతే ఆ వారం పొర పలచబడుతుంది. చెట్టు మానులో కరువు ఏడాది వలయం సన్నగా ఉన్నట్టే. నెలలు నిండి పుట్టిన పిల్లల పాలపళ్ళలో కూడా పుట్టిన రోజు ఒక సన్నటి గీతగా మిగిలిపోతుంది, మైక్రోస్కోప్ కింద పెడితే కనబడుతుంది. మన పిల్లల్లో ఆ లోటు కొన్నిసార్లు మైక్రోస్కోప్ అక్కర్లేకుండానే కంటికి కనిపిస్తుంది.

ఇంకో కారణం నేరుగా తగిలే దెబ్బ. శ్వాస గొట్టం వేసేటప్పుడు వాడే లారింగోస్కోప్ పై చిగురుకి ఆనుతుంది. చిగురు లోపల పంటి మొగ్గ మెత్తగా ఉంటుంది. అందుకే ఇలాంటి లోపాలు పై ముందుపళ్ళ మీద, అందులోనూ ఎడమవైపు, ఎక్కువగా కనబడతాయని దంతవైద్యులు చాలాకాలంగా రాస్తున్నారు. మా పాప గీత సరిగ్గా అక్కడే ఉంది. ప్రాణం నిలబెట్టిన పనిలో పడిన చిన్న గాటు అది. ఎవరినీ తప్పు పట్టాల్సిన పని లేదు.

డిశ్చార్జ్ సమ్మరీ తీసి ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్నో వారంలో ఎంత బరువుతో పుట్టింది, నోట్లో గొట్టం ఎన్ని రోజులుంది, పాలు ఎన్ని రోజులు ట్యూబుతో పట్టారు, గుండెకి గానీ ఊపిరితిత్తులకి గానీ ఏదైనా సమస్య రాశారా. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ కాగితం సగం పని చేసిపెడుతుంది.

బిడ్డ ఇంకా ఎన్‌ఐసీయూలోనే ఉంటే, ముర్రుపాలు గానీ తల్లిపాలు గానీ దూదితో బుగ్గల లోపల రాస్తారా అని నర్సుని అడగండి. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిసి కుదిరేది సుమారు 34 వారాలకి. అప్పటిదాకా ట్యూబు, ఆ తర్వాత ఉగ్గుగిన్నె, ఆ తర్వాత రొమ్ము. ఏ అడుగూ తొందరపెట్టొద్దు. కంగారూ పద్ధతిలో గుండెకి హత్తుకుని పడుకోబెట్టుకున్నప్పుడు బిడ్డ పెదాలు కదిలిస్తుంటే పాలు పిండేసిన రొమ్ము దగ్గర చప్పరించనివ్వొచ్చు. నోటికి అది మంచి కసరత్తు.

3. నోరు ముట్టుకోనివ్వని బిడ్డతో

దీని గురించి నాకు ఎవరూ ముందు చెప్పలేదు. వారాల తరబడి నోట్లో గొట్టాలు, సక్షన్, ముఖం మీద ప్లాస్టర్లు చూసిన బిడ్డకి నోటి దగ్గరికి వచ్చేదేదైనా శత్రువే. చెంచా చూస్తే మొహం తిప్పేస్తుంది, బ్రష్ చూస్తే వాంతి చేసుకుంటుంది. "మొండిది" అంటారు. మొండితనం కాదు, ఆ నోటికి గుర్తుంది.

పళ్ళు రాకముందే, సవరించిన వయసు మూడు నాలుగు నెలల నుంచి మొదలుపెట్టండి. కడుపు నిండాక కాదు, ఆకలి మీదా కాదు, ఆడుకునే మూడ్‌లో ఉన్నప్పుడు. చేతులు సబ్బుతో కడుక్కుని, గోళ్ళు కత్తిరించుకుని, ముందు బుగ్గ మీద చెయ్యి వేయండి. రెండు రోజులు అంతే. తర్వాత గడ్డం, పెదాల చుట్టూ. తర్వాత పెదవి లోపలి అంచు. ఇది ఒప్పుకున్నాక, మరగబెట్టి చల్లార్చిన నీళ్ళలో ముంచి పిండిన మెత్తని పాత నూలుగుడ్డ చూపుడువేలికి చుట్టి ముందు చిగుళ్ళ మీద మెల్లగా రాయండి. నాలుక వెనక్కి వెళ్ళొద్దు, అక్కడ ముట్టుకుంటే వాంతి వస్తుంది, ఇన్నాళ్ళ నమ్మకం పోతుంది. బిడ్డ తల తిప్పగానే వేలు తీసేయండి. తను వద్దంటే మనం ఆగుతామని బిడ్డకి తెలియడమే ఇక్కడ అసలు పాఠం.

మా పాపకి పెదవి దాటడానికి మూడు వారాలు పట్టింది. మీకు నెలలు పట్టి, మెత్తటి ముద్దలు కూడా మింగకుండా ఉంటే స్పీచ్ థెరపిస్టుని కలవండి. మాటలొక్కటే కాదు, తినడం, మింగడం కూడా వాళ్ళే నేర్పిస్తారు.

నీళ్ళు పోసే ఆవిడ నోట్లో వేలు పెట్టి కఫం తీయడం, అంగిలి నొక్కడం మాత్రం ఒప్పుకోకండి. వస అరగదీసి నాకించడం, ఏడాదిలోపు తేనె రాయడం కూడా వద్దు. మా ఇంట్లో ఈ విషయం మీద ఒక పెద్ద గొడవే అయింది. చివరికి డాక్టరు చేత చెప్పించాను. పెద్దవాళ్ళకి కోడలు చెప్తే ఎక్కదు.

4. మొదటి పన్నుకే బ్రష్

మొదటి పన్ను తెల్లగా తొంగిచూసిన రోజు నుంచి రోజుకి రెండుసార్లు తోమాలి. చిన్న తల, మెత్తని కుచ్చు ఉన్న పిల్లల బ్రష్. పేస్టు బియ్యపు గింజంత, అదీ ఎనామిల్‌ని గట్టిపరిచి పుచ్చుని అడ్డుకునే ఫ్లోరైడ్ ఉన్నది. మూడేళ్ళు దాటాక బఠాణీ గింజంత.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మింగేస్తుంది కదా, ఫ్లోరైడ్ ఎలా అని. ముఖ్యంగా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న నల్లగొండ, ప్రకాశం వైపు వాళ్ళకి ఆ మాట వింటేనే భయం. ఆ నీళ్ళు ఎన్ని తరాల ఒళ్ళు వంచాయో చూసినవాళ్ళ భయం అది, దాన్ని తీసిపారేయలేం. కానీ లెక్క చూడండి. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం, అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము, మించకూడదని నిబంధన. బియ్యపు గింజంత పేస్టు 0.1 గ్రాము ఉంటుంది. అంటే మొత్తం మింగేసినా లోపలికి పోయేది 0.1 మిల్లీగ్రాము. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది, వేరే నీళ్ళు లేకపోతే 1.5 దాకా పరవాలేదు అంటుంది మన ప్రమాణం. చూసుకోవాల్సింది ముందు బోరు నీళ్ళని. మీరు తాగేది బోరు నీళ్ళయితే పరీక్ష చేయించి, ఆ కాగితం పళ్ళ డాక్టరుకి చూపించి పేస్టు సంగతి అడగండి.

పిల్లల పేస్టులని రంగురంగుల ట్యూబుల్లో అమ్మేవాటిలో కొన్నిటిలో ఫ్లోరైడ్ అసలుండదు. ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. ఎనామిల్ పలచగా ఉన్న బిడ్డకి స్ట్రాబెర్రీ వాసన వల్ల ఒరిగేదేం లేదు.

బిడ్డని మీ ఒళ్ళో వెల్లకిలా, తల మీ పొట్టవైపు ఉండేలా పడుకోబెట్టుకుంటే నోరంతా కనిపిస్తుంది. తోమాక పైపైన తుడిచేయండి, పుక్కిలించాల్సిన పని లేదు. రాత్రి తోమిన తర్వాత మంచినీళ్ళు, తల్లిపాలు తప్ప ఇంకేం వద్దు. "నేనే తోముకుంటా" అని లాక్కుంటే తోముకోనివ్వండి, ఆ తర్వాత మీరు మళ్ళీ ఒకసారి తోమండి. ఏడెనిమిదేళ్ళ దాకా ఇంతే.

5. నెలకోసారి పెదవి ఎత్తి చూడటం

ఒక తేదీ పెట్టుకోండి. నేను పాప పుట్టిన తేదీనే పెట్టుకున్నాను, ప్రతి నెలా 17. వెలుతురున్న చోట పడుకోబెట్టి పై పెదవి ఎత్తి, చిగురు అంచు దగ్గర పన్ను ఎలా ఉందో చూసి ఫోటో తీయండి. పోయిన నెల ఫోటో పక్కన పెట్టుకోండి.

సుద్దలా తెల్లటి మచ్చ, ముఖ్యంగా చిగురు అంచు వెంబడి గీతలా వస్తే, అది పుచ్చు మొదలవుతున్న గుర్తు కావచ్చు. ఈ దశలో పట్టుకుంటే ఆపొచ్చు. పన్ను వచ్చినప్పుడే ఉండి, నెలలు గడిచినా మారని తెలుపు లేదా పసుపు మచ్చ అయితే అది పుట్టుకతో వచ్చిన ఎనామిల్ లోపం అయ్యుండొచ్చు. గుంట, గాడి, విరిగిన అంచు ఉంటే అక్కడ పాలు, అన్నం నిలుస్తాయి, పుచ్చు త్వరగా పడుతుంది. ఒక్క పన్ను మీదే ఉన్న మచ్చని చూసి ఫ్లోరైడ్ అనుకోవద్దు. ఫ్లోరైడ్ ఎక్కువైతే పడే మచ్చలు, ఫ్లోరోసిస్ అంటారు, ఎక్కువగా రెండోసారి వచ్చే పళ్ళలో, రెండు వైపులా ఒకేలా కనిపిస్తాయి.

పన్ను మీద నల్లటి పూత కనిపిస్తే కంగారు పడకండి. ఐరన్ చుక్కలు వాడే పిల్లల్లో ఇది మామూలే. చుక్కలు మాత్రం ఆపొద్దు, నెలలు నిండని బిడ్డకి రక్తం పట్టడానికి అవి చాలా అవసరం. పళ్ళకి తగలకుండా డ్రాపర్ బుగ్గ లోపలికి పెట్టి వేసి, తర్వాత నీళ్ళు తాగించండి. పట్టిన పూతని పళ్ళ డాక్టరు శుభ్రం చేస్తారు. పుట్టినప్పుడు కామెర్లు బాగా ఎక్కువగా, చాలాకాలం ఉన్న కొందరు పిల్లల పాలపళ్ళకి ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. అది లోపలి రంగు, తోమితే పోదు.

అంగిలి కూడా చూడండి. గొట్టం చాలా రోజులున్న పిల్లల్లో అంగిలి మధ్యలో లోతైన గాడి గానీ, గోపురంలా ఎత్తు గానీ ఉండొచ్చు. చాలామందికి వయసుతో తగ్గుతుంది. అన్నం ముద్ద అక్కడ అతుక్కుని గంటల తరబడి ఉంటుంది కాబట్టి తిన్నాక గుడ్డతో తుడవాలి. మూడేళ్ళ వయసులో పై పళ్ళు కింది పళ్ళకి లోపలివైపు పడుతున్నాయేమో డాక్టరుని చూడమనండి.

జ్వరం, విరేచనాలు వస్తే "పళ్ళొస్తున్నాయి కదా" అని వదిలేయకండి. పళ్ళొచ్చేటప్పుడు చొంగ కారుతుంది, చిరాకు పడుతుంది, ఒళ్ళు కొంచెం వెచ్చబడొచ్చు. 100.4 ఫారెన్‌హీట్ దాటితే అది పళ్ళ జ్వరం కాదు. చిగుళ్ళకి రాసే తిమ్మిరి జెల్లులు చిన్నపిల్లలకి ప్రమాదకరం. చల్లటి తడిగుడ్డ నమలనిస్తే చాలు.

6. బరువు పెరగాలి, పళ్ళు పుచ్చకూడదు

అసలు ఇబ్బంది ఇక్కడుంది. బిడ్డ సన్నగా ఉంది, ఎప్పుడు చూసినా తినిపించాలని ఇంటిల్లిపాదీ తాపత్రయం. పాలలో పంచదార, రాగిజావలో బెల్లం, టీలో ముంచిన బిస్కెట్, రాత్రి నిద్రలో సీసా. బరువు పెరుగుతుందేమో గానీ, పలచటి ఎనామిల్ మీద రోజంతా తీపి నాన్చినట్టే.

బరువు కావాలంటే తీపి బదులు కొవ్వు, మాంసకృత్తులు పెంచండి. ముద్దపప్పులో నెయ్యి, జావలో వేయించి పొడి కొట్టిన పల్లీలు, మెత్తగా మెదిపిన గుడ్డు, గట్టి పెరుగు. తీపి పెట్టాలనిపిస్తే భోజనంతో పాటే పెట్టండి, మధ్యమధ్యలో కాదు. లెక్కపెట్టాల్సింది తీపి ఎంత తిన్నదన్నదాని కన్నా రోజుకి ఎన్నిసార్లు తిన్నదన్నది.

సీసాతో నిద్రపోయే అలవాటుంటే ఒక్క రాత్రిలో మానిపించలేం. ముందు పంచదార తగ్గించుకుంటూ రండి, తర్వాత నిద్ర పట్టేలోపే సీసా తీసేయండి, ఏడాది దాటాక గ్లాసుకి మార్చండి. తల్లిపాలు మానిపించమని ఎవరైనా అంటే వినకండి. పళ్ళొచ్చాక రాత్రి పాలు తాగితే పొద్దున్నే శుభ్రంగా తోమండి.

సిరప్ మందుల్లో చక్కెర ఉంటుంది, వేశాక నీళ్ళు తాగించండి. ఇన్హేలర్ వాడే పిల్లలకి వాడిన ప్రతిసారీ నోరు తుడవండి. పాలు కక్కే అలవాటున్న బిడ్డకి కక్కిన వెంటనే బ్రష్ చేయకండి, కడుపులోని పులుపు ఎనామిల్‌ని మెత్తబరిచి ఉంటుంది. నీళ్ళతో తుడిచి అరగంట తర్వాత తోమండి.

7. పళ్ళ డాక్టరు దగ్గర ఏం అడగాలి

మొదటి పన్ను వచ్చిన ఆరు నెలల్లోపు, ఎలా చూసినా ఏడాది పుట్టినరోజు నాటికి ఒకసారి చూపించాలి. నేను ఆలస్యం చేశాను. పైగా మొదట చూపించిన చోట "పాలపళ్ళే కదా, ఊడిపోతాయి" అని పంపించేశారు. ముందుపళ్ళు ఆరేడేళ్ళకి ఊడతాయి నిజమే, కానీ దవడపళ్ళు పదీ పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. అన్నేళ్ళు పుచ్చుపళ్ళతో తినే బిడ్డ బరువు ఎలా పెరుగుతుంది? రెండోసారి పిల్లల పళ్ళ స్పెషలిస్టుని, పెడోడాంటిస్ట్ అంటారు, వెతుక్కుని వెళ్ళాను.

డిశ్చార్జ్ వివరాలు రాసుకున్న కాగితం ముందే ఇవ్వండి. గుండెలో రంధ్రం ఉందన్నా, ఆపరేషన్ అయిందన్నా, ఊపిరితిత్తుల సమస్య ఉందన్నా తప్పకుండా చెప్పండి. మత్తు ఇచ్చి చేయాల్సి వస్తే ఇవి చాలా ముఖ్యం. ఫ్లోరైడ్ వార్నిష్ వేయాలా అని అడగండి. అది పంటి మీద పూసే పూత, నొప్పుండదు, రెండు నిమిషాల పని, మూడు నుంచి ఆరు నెలలకోసారి వేస్తారు. గాడి లోతుగా ఉంటే సిమెంటుతో పూడుస్తారు. పుచ్చు పడితే ఎస్‌డీఎఫ్ (సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్) అనే మందు పూసి ఆపే పద్ధతుంది, డ్రిల్ అక్కర్లేదు. కాకపోతే పుచ్చిన చోటు నల్లగా మారుతుంది. అది ముందే చెప్పించుకోండి, తర్వాత ఇంట్లో బాధపడతారు.

ఖర్చు భయపడేవాళ్ళకి: 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని ఉచితంగా పరీక్షిస్తారు, అందులో పుచ్చుపళ్ళు కూడా ఉన్నాయి. అంగన్‌వాడీ టీచరుని గానీ ఆశా కార్యకర్తని గానీ అడిగితే జిల్లాలోని డీఈఐసీకి, అంటే పిల్లల సమస్యల్ని తొందరగా గుర్తించి చూసే జిల్లా కేంద్రానికి, రాసిస్తారు. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. ఓపిక పట్టి క్యూలో నిలబడగలిగితే అక్కడ చికిత్స బాగానే ఉంటుంది.

8. ఆరో ఏట వెనకాల వచ్చే పన్ను

ఏ పన్నూ ఊడకుండానే, పాలదవడపళ్ళ వెనకాల చిగురు చీల్చుకుని ఒక పెద్ద దవడపన్ను వస్తుంది, ఆరు ఏడేళ్ళ మధ్య. చాలా ఇళ్ళలో దాన్ని పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని ఎనామిల్ పేరుకోవడం మొదలయ్యేది సరిగ్గా పుట్టే సమయానికి. అంటే మన పిల్లలకి ఇంక్యుబేటర్ రోజుల్లో. అందుకే దీన్ని ప్రత్యేకంగా చూడాలి.

పసుపు, గోధుమ రంగు మచ్చలున్నా, చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటోందన్నా, తోమేటప్పుడు ఆ ఒక్క చోటే "అమ్మా నొప్పి" అని మొహం పక్కకి పెట్టేసినా ఆలస్యం చేయొద్దు. అలాంటి ఎనామిల్ పన్ను వచ్చిన కొన్ని నెలల్లోనే పెచ్చులూడొచ్చు. పన్ను నున్నగా బాగుంటే దాని మీది గీతలు పూడ్చే సీలెంట్ వేయించండి.

మా పాపకి మొన్న ఆరేళ్ళు నిండాయి. కింద కుడివైపు చిగురు ఉబ్బింది, తెల్లటి కొన ఒకటి కనబడుతోంది. 17వ తేదీ ఫోటోలో అది ఉంది, డాక్టరు అపాయింట్‌మెంట్ వచ్చే మంగళవారానికి.